మిల్లు ముందు, మిషను తరవాత

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఏ కల్యాణ మండపానికి వెళ్లినా భోజనాల హాలు పక్కన ఒక స్టీలు బాయిలరు బుసలు కొడుతూ ఉంటుంది. కింద గ్యాసు మంట, పైన ప్రెషర్ మీటరు, పక్కన వంపు తిరిగిన గొట్టం. కుర్రాడు మగ్గులో పాలు, పంచదార, చెంచాడు ఇన్‌స్టంట్ పొడి వేసి గొట్టం కిందికి తెస్తాడు. చెవులు గింగురుమనే మోత, తరవాత కప్పు నిండా నురగ, నురగ మీద చిటికెడు చాక్లెట్ పొడి. మన వైపు చాలామందికి ఎక్స్‌ప్రెస్సో కాఫీ అంటే ఇప్పటికీ ఇదే.

ఆ కుర్రాడి చేతిని కాస్త దగ్గరగా చూడండి. ముందు గొట్టం కొసను పాల పైపొర దగ్గరే ఆనిస్తాడు. గాలి లాక్కుని నురగ లేస్తుంది. లేచాక మగ్గును పైకెత్తి కొసను లోపలికి దింపుతాడు. పాలు సుడి తిరిగి పెద్ద బుడగలన్నీ చితికిపోతాయి. ఎప్పుడు ఆపాలో మగ్గు అడుగున ఆనించిన అరచేయి చెబుతుంది. డబ్బు కట్టి చేరే కాఫీ కోర్సుల్లో పాల పాఠం ఇదే, ఇంతే.

పాల పని అంత బాగా చేసే ఆ బాయిలరు కాఫీ జోలికి మాత్రం పోదు. పొడిలో గుండా నీళ్లు ఎక్కడా ప్రవహించవు. అసలు ఎస్ప్రెసోలో జరిగేది అదే: మెత్తటి పొడిని బిళ్లలాగా అదిమి, 90 డిగ్రీలు దాటిన నీళ్లను 9 బార్ల ఒత్తిడితో దానిలోంచి తోయాలి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల చిక్కటి కాఫీ, అదీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. మన ఇత్తడి ఫిల్టరులో భూమ్యాకర్షణ ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి డికాషను దిగడానికి అరగంట పడుతుంది. అదే పనిని అర నిమిషంలో ముగించాలనే తొందరలోంచి ఈ యంత్రం పుట్టింది.

మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లో పేటెంటు తీసుకున్న మిషను ఆవిరి ఒత్తిడి మీదే నడిచేది. ఆ ఒత్తిడి ఒకటిన్నర బార్ల దగ్గర ఆగిపోయేది, ఆవిరి వేడికి కాఫీ మాడు వాసన వేసేది. అదే ఊళ్లో అకీలె గాజ్జా 1938లో వేరే దారి పట్టాడు. యుద్ధం అయ్యాక మీటా స్ప్రింగూ ఉన్న మిషను తెచ్చాడు. కప్పు మీద తేనె రంగు నురగ తేలడం అప్పటినుంచే. 1961లో ఫయెమా కంపెనీ ఈ61 మిషనులో మీటకు బదులు మోటారు పంపు పెట్టింది. ఆ తరవాత అరచేతిలో పట్టేంత చిన్న పంపు వచ్చాక ఈ సరంజామా ఎక్కువ ఇళ్లలో వంటింటి గట్టు మీదికి దిగింది.

ఇక మన సంగతి. ఒక మధ్యతరగతి ఇంట్లో దీనికోసం పాతిక వేలు పక్కన పెట్టారనుకుందాం. జంక్షన్‌లో వీటిని పెట్టుకుని అమ్మే షోరూము లేదు. విజయవాడ నలభై కిలోమీటర్ల దరిదాపు. అక్కడి షాపుల్లోనూ బొమ్మ చూసి బిల్లు కట్టడమే తప్ప, గింజలు వేసి తిప్పి చూడనిచ్చేవాళ్లు అరుదు. చివరికి పెట్టె కొరియరులోనే వస్తుంది. అంటే పనితనం మంచీచెడూ తేల్చుకోవలసింది విప్పిన తరవాత, మన చేత్తో, మన చెవితో. ఆ చూపు ముందే ఉంటే కొనేటప్పుడూ ఉపయోగపడుతుంది.

ఎక్కువమంది ఇరవై మూడు వేలు మిషనుకు పోసి, మిగిలిన రెండు వేలకు పొడి ప్యాకెట్లు కొంటారు. మెరిసేది మిషనే కాబట్టి అది సహజం. నన్నడిగితే ముందు పది వేలు గింజలు పొడి చేసే మిల్లుకు తీసి పక్కన పెట్టి, మిగిలిన దానిలో ఏ మిషను వస్తే అది తెచ్చుకోండి అంటాను. ఆ మాట వినగానే చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. పది వేలు పోసి చేత్తో తిప్పే మిల్లా అని.

కారణం చూడాలంటే పొడి బిళ్ల లోపలికి దిగాలి. 9 బార్లంటే చదరపు సెంటీమీటరు మీద తొమ్మిది కిలోల పైచిలుకు బరువు. అంత ఒత్తిడిలో నీళ్లకు ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచే పోతాయి. పొడిలో ఒకచోట బరక, ఒకచోట దుమ్ము ఉంటే, బరకగా ఉన్నచోట కాలువ గట్టుకు పడినట్టు గండి పడుతుంది. ఆ దారిలో ఉన్న పొడి అతిగా నాని చేదు దిగుతుంది. మిగతా పొడికి నీళ్లే అందక పుల్లగా ఉండిపోతుంది. ఒకే కప్పులో చేదూ పులుపూ కలిసి వస్తే తప్పు మిషనుది కాదు. మిక్సీ జారులో కొట్టిన పొడితో ఇలాగే అవుతుంది. మిక్సీ బ్లేడు గింజను నరకదు, బాది పగలగొడుతుంది. రాయంత ముక్కా, పిండంత దుమ్మూ పక్కపక్కనే తేలతాయి. ఎంతసేపు తిప్పినా దుమ్ము పెరుగుతుంది తప్ప సమానం కాదు.

మంచి చేతి మిల్లును విప్పి బల్ల మీద పరిస్తే కనిపించేవి కొన్నే: స్టీలు శంకువు, దాన్ని చుట్టి కూర్చునే రింగు, నడిమి ఇరుసు, ఇరుసును పట్టుకున్న రెండు బేరింగులు, స్ప్రింగు, సెట్టింగు తిప్పే మర, పైన పిడి. శంకువు మీది పళ్లను వేలితో తడమండి. పైభాగంలో అవి పెద్దవి, ఏటవాలుగా ఉంటాయి. వాటి పని గింజను పట్టి కిందికి లాగి పగలగొట్టడం. కిందికి వచ్చేకొద్దీ పళ్లు సన్నబడి, దగ్గరపడి, చివరి అంచుకు వచ్చేసరికి కంటికి గీతల్లా మాత్రమే కనిపిస్తాయి. ముక్కను కావలసిన మెత్తదనానికి తెచ్చేది ఆ చివరి అంచే. అక్కడ శంకువుకూ రింగుకూ మధ్య ఉన్న సందు చుట్టూ ఒకేలా ఉందా లేదా అన్నదే మొత్తం ధరకు జవాబు.

విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద షాఫ్టులు తీసేవాళ్ల చేతికి ఈ మిల్లునిస్తే రంగునీ పెట్టెనీ చూడరు. ఇరుసు కొస పట్టుకుని అటూ ఇటూ కదుపుతారు. కదిలితే బేరింగు వదులు, లేదా సెంటరు తప్పింది. మనమూ చేయగల పరీక్ష ఇంకొకటుంది. గింజలు లేకుండా, శంకువు రింగుకు తగిలీ తగలనంత దాకా సెట్టింగు బిగించి, మెల్లగా తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకోవాలి. చుట్టంతా ఒకే సన్నటి రాపిడి వినిపిస్తే కూర్పు బాగా కుదిరినట్టు. తిప్పినప్పుడల్లా ఒకవైపే గీరుకుని మరోవైపు మౌనంగా ఉంటే ఆ వైపు సందు ఎక్కువ, పొడీ ఆ వైపునుంచి బరకగానే పడుతుంది. పరీక్ష కదా అని గట్టిగా బిగించి గిరగిరా తిప్పితే పళ్ల పదును పోతుంది, జాగ్రత్త.

తరవాత చూడవలసింది సెట్టింగు. కింగ్రైండర్ కె6 అనే చేతి మిల్లును ఉదాహరణకు తీసుకుంటే, అందులో శంకువు అడ్డుకొలత 48 మిల్లీమీటర్లు. సెట్టింగు రింగు ఒక చుట్టు తిరిగితే 60 క్లిక్కులు, ఒక్కో క్లిక్కుకు సందు మారేది 16 మైక్రాన్లు. చుట్టు మొత్తానికి కలిపినా ఒక మిల్లీమీటరు నిండదు. ఫిల్టరు కాఫీకి ఇంత సూక్ష్మం అక్కర్లేదు. డికాషను పది నిమిషాలు అటూ ఇటూ దిగినా మనకు పట్టదు. ఎస్ప్రెసోకు అలా కుదరదు. క్లిక్కుకు డెబ్బై ఎనభై మైక్రాన్లు దూకే చౌక మిల్లుతో పనిచేసినవాళ్లకు ఆ బాధ తెలుసు. ఒక క్లిక్కు దగ్గర కాఫీ పన్నెండు సెకన్లలో నీళ్లలా దిగిపోతుంది, పక్క క్లిక్కుకు మారిస్తే చుక్క కూడా రాదు. కావలసిన చోటు ఆ రెండు క్లిక్కుల మధ్య ఎక్కడో ఉంటుంది, అక్కడ ఆగే వీలు దానికి లేదు. మర పురులను అంత సన్నగా, వదులు లేకుండా కోయడానికీ, ప్రతి క్లిక్కూ అదే చోట కూర్చునేలా చేయడానికీ మన డబ్బులో పెద్ద భాగం పోతుంది. బయటికి కనిపించే పని ఇందులో పావు వంతు కూడా ఉండదు.

చేతి మిల్లును పొగుడుతున్నాను కదా అని శ్రమ దాచను. 18 గ్రాముల గింజలు ఎస్ప్రెసో మెత్తదనానికి రావాలంటే ఓ నిమిషం తిప్పాలి. లేత వేపుడు గింజలైతే ఇంకా గట్టి. ఇంట్లో ఇద్దరు తాగేవాళ్లుంటే ఫర్వాలేదు. సంక్రాంతికి చుట్టాలు దిగితే మాత్రం ఆ నాలుగు రోజులూ ఇత్తడి ఫిల్టరునే నమ్ముకోవాలి. కరెంటు మిల్లే కావాలంటే ధర రెట్టింపు దాటుతుంది. ఆ వరసలో 2023లో వచ్చిన బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్పీ ఆలోచన నాకు నచ్చింది. దాని డయలు మీద 1 నుంచి 20 దాకా ఎస్ప్రెసోకు చిన్న చిన్న అడుగులు, 20 దాటాక ఫిల్టరు కాఫీకి పెద్ద అంగలు. అవసరమున్న చోట సూక్ష్మం ఇచ్చి, లేని చోట ఖర్చు మిగిల్చారు. అయితే పాతిక వేల బడ్జెట్లో దాన్ని కొంటే మిషనుకు మిగిలేది చాలదు.

ఇక మిషను. తక్కువ ధర మిషన్ల పెట్టె మీద పెద్ద అక్షరాలతో 15 బార్లు అని ఉంటుంది. 20 అని రాసేవాళ్లూ ఉన్నారు. అది పంపు చేరగల గరిష్ఠ ఒత్తిడి. నీటి దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంతవరకూ వెళ్తుంది. కాఫీకి కావలసింది తొమ్మిదే. ఆ పైది అడ్డుకోవడానికి ఓవర్ ప్రెషర్ వాల్వు ఉందా, ఉంటే ఎంతకు సెట్ చేశారు అన్నది అడగాలి. ఈ అంకె పెద్దదిగా రాసి అమ్మడం నాకు చిరాకు. దాన్ని చూసి కొన్నవాళ్లలో ఎక్కువమందికి తాము దేనికి డబ్బు కట్టారో తెలియదు.

పంపు మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గ వస్తువు. చిన్న మిషన్లలో తరచూ కనిపించే ఇటలీ ఉల్కా పంపు అరచేతిలో పడుతుంది, 48 వాట్లకు మించి తినదు. లోపల రాగి తీగ చుట్ట, మధ్యలో స్ప్రింగు మీద ఆడే చిన్న ఇనుప ముక్క, ఒక డయోడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ ముక్క సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది. మిషను నొక్కగానే వచ్చే గుర్రుమనే చప్పుడు అదే. తిరిగే భాగం ఒక్కటీ లేదు, బేరింగు లేదు, నూనె అక్కర్లేదు. లేబులు మీద రెండు నిమిషాలు నడిపితే ఒక నిమిషం ఆపాలని కూడా అచ్చేసి ఉంటుంది. వరసగా ఆరేడు కప్పులు తీసి దాన్ని మాడగొట్టేవాళ్లు ఆ లేబులు ఎప్పుడూ చూసి ఉండరు. పాడైనా పంపు ఒక్కటే విడిగా దొరుకుతుంది, రెండు గొట్టాలూ రెండు తీగలూ మార్చుకుంటే సరి.

వేడి చేసే పద్ధతిలో పొదుపు తెలిసిపోతుంది. చవక రకాల్లో థర్మోబ్లాక్ ఉంటుంది. అల్యూమినియం దిమ్మలో సన్నటి దారి చేసి, నీళ్లు అందులోంచి పోతుండగానే వేడెక్కిస్తారు. నిమిషం లోపు సిద్ధం. కానీ మొదటి కప్పు చల్లగా వస్తుంది, ఎందుకంటే వేడెక్కింది దిమ్మ మాత్రమే, పొడి పెట్టే పిడి కాదు. ముందొకసారి పొడి లేకుండా వేడినీళ్లు పిడిలోంచి కప్పులోకి వదిలితే ఆ తేడా చాలావరకు పోతుంది. ఇంకా ఖరీదైన గాజ్జా క్లాసిక్ లాంటి వాటిలో చిన్న బాయిలరూ, 58 మిల్లీమీటర్ల బరువైన పిడీ, కాఫీ దిగాక మిగిలిన ఒత్తిడిని పక్కకు వదిలే వాల్వూ ఉంటాయి. ఆ వాల్వు చౌక మిషన్లలో చాలావాటికి ఉండదు. కాఫీ దిగీ దిగగానే పిడి ఊడదీస్తే పొడి గోడల మీదికి చిమ్ముతుంది. కాసేపు ఆగితే ఏ గొడవా లేదు.

డెలోంగి డెడికా అనే మిషను వెడల్పు 15 సెంటీమీటర్లు. గ్యాసు పొయ్యికీ సింకుకీ మధ్య మిగిలే జానెడు చోటులో ఇమిడిపోతుంది. అద్దె ఇళ్ల వంటగదులు తెలిసినవాళ్లకు ఆ కొలత విలువ తెలుస్తుంది. ఇలాంటి మిషన్లతో వచ్చే, పిడిలో పొడి పోసే 51 మిల్లీమీటర్ల బుట్టను బయటికి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టండి. లోపలి వైపు వందల చిల్లులు, బయటి వైపు ఒకే ఒక్క సూది బెజ్జం. రెండు గోడల బుట్ట అంటే ఇది. పొడి ఎంత బరకగా ఉన్నా ఒత్తిడిని ఆ బెజ్జం పుట్టిస్తుంది, నురగా అక్కడే తయారవుతుంది. తెలిసినవాళ్లు దీన్ని ఎగతాళి చేస్తారు. నాకు మాత్రం ఇది తెలివైన పనిగానే కనిపిస్తుంది. మిల్లు లేనివాడు కూడా మొదటి రోజే కాఫీ తాగాలని ఎవరో ఆలోచించి పెట్టిన బెజ్జం అది. మిల్లు వచ్చాక కొన్ని వందల రూపాయలకు ఒకే గోడ బుట్ట తెచ్చుకోవచ్చు. దాన్ని వెలుతురుకు పెడితే చిల్లులన్నీ ఒకే సైజులో, అంచు దాకా సమానంగా మెరవాలి. కొన్ని మూసుకుపోయి కొన్ని పెద్దవిగా కనిపిస్తే తిరిగి పంపేయండి, గండి అక్కడే మొదలవుతుంది. మిషనుతో ఇచ్చే ప్లాస్టిక్ అదుము చెంచాను మాత్రం మొదటి రోజే అటక ఎక్కించవచ్చు. బుట్టకు సరిపడని దానితో అదిమితే అంచుల్లో పొడి వదులుగానే మిగులుతుంది.

గింజల విషయంలో మనం అదృష్టవంతులం. అల్లూరి జిల్లా కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పెరిగే అరబికాకు 2019లో అరకు వ్యాలీ అరబికా పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ గింజలు కొని అమ్ముతుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. ఇటు కృష్ణ దాటి తెనాలి దారిలో దుగ్గిరాల దగ్గర సీసీఎల్ ఫ్యాక్టరీ ఎన్నో దేశాలకు ఇన్‌స్టంట్ కాఫీ పంపుతోంది. ఇంత ఉండీ, ఇంట్లో ఎస్ప్రెసో తీసేవాళ్లు వారం రెండు వారాల కిందట వేయించిన గింజలు వెతుక్కోవలసి వస్తుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ కాదు, వేయించిన తేదీ చూడండి. చికోరీ కలిపిన ఫిల్టరు పొడిని మాత్రం ఒకే గోడ బుట్టలో వేయకండి. చికోరీ నీళ్లు తగలగానే జిగురై దారి మూసేస్తుంది. అది ఫిల్టరులో ఉండవలసిన పొడి, అక్కడ దాని రుచికి నేను అడ్డు చెప్పను.

నీళ్ల సంగతి డెల్టాలో తప్పించుకోలేం. బోరు నీళ్లు ఎక్కువచోట్ల కఠినం, కైకలూరు వైపు వెళ్లేకొద్దీ ఉప్పు కూడా. అవి పోస్తే థర్మోబ్లాక్ సన్నటి దారిలో సున్నం పేరుకుని, కొన్నాళ్లకు పంపు గింజుకోవడం మొదలవుతుంది. మినరల్ వాటర్ టిన్ను నీళ్లు మిషనుకు మంచివే గాని, లవణాలు మరీ తక్కువైతే కాఫీ చప్పబడుతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపు లవణాలుండాలని కాఫీవాళ్ల లెక్క. టిన్ను నీళ్లలో కాస్త కుళాయి నీళ్లు కలిపి రుచి చూసుకుంటే చాలు. ప్లగ్గు విషయం కూడా కొనే ముందే చూసుకోండి. ఈ మిషన్లు 1300 వాట్ల పైమాటే, మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు అంచున ఉంటాయి. పవర్ ప్లగ్గు దగ్గరే పెట్టాలి. ఇన్వర్టరు మీద నడపాలని చూడకండి.

పాలకు వస్తే పెళ్లి బాయిలరు కుర్రాడు మళ్లీ గుర్తుకు రావాలి. మిషను ఆవిరి గొట్టానికి తొడిగిన ప్లాస్టిక్ తొడుగు ఎవరు పట్టినా నురగ వచ్చేలా చేస్తుంది, కానీ ఆ నురగ సబ్బు నురగలా పైన తేలిపోతుంది. తొడుగు తీసి, సన్న కొసతో అతను చేసినట్టే చేయాలి. గేదె పాలు మన దగ్గర చిక్కన, వెన్న శాతం ఆవు పాలకంటే బాగా ఎక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలతో మొదలుపెట్టి, మగ్గు అరచేతికి ఓర్చుకోలేనంత వేడెక్కగానే ఆపితే మెత్తటి, బరువైన నురగ వస్తుంది.

మిషను కొన్న రోజే రెండు రబ్బరు గాస్కెట్లు అదనంగా తెప్పించుకోండి. పిడి బిగించినప్పుడు వేడికీ ఒత్తిడికీ రోజూ నలిగేది ఆ రబ్బరే. ఏడాదో రెండేళ్లో పోయేసరికి గట్టిపడి పగుళ్లిస్తుంది. పిడి ఎంత బిగించినా పక్కనుంచి నీళ్లు కారడం మొదలవుతుంది. కొత్తది పెద్ద ఖరీదేమీ కాదు, పాతదాన్ని సన్నటి స్క్రూడ్రైవరుతో పెకిలించి కొత్తదాన్ని చేత్తోనే కూర్చోబెట్టవచ్చు. మీ మోడలుకు ఆ గాస్కెట్టు విడిగా దొరుకుతుందో లేదో మిషను బిల్లు కట్టే ముందే కనుక్కోండి. దొరకదంటే వేరే మోడలు చూసుకోవడమే మేలు.